అరుగు కింద నిలబడ్డవాడు

తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాడికి కాలవ నీళ్ళ తగువులతో ఏమిటి సంబంధం అని మీరడగవచ్చు. సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజు పొద్దున్నే మా పెదనాన్నగారి అబ్బాయి ఫోను చేసినప్పుడు నేనూ అదే అడిగాను.

"సంబంధం సంగతి తరవాత. ముందు నువ్వు బయల్దేరు" అన్నాడు అన్నయ్య. "పై చేలవాళ్ళు కాలవకి మోటార్లు పెట్టారు. కిందికి చుక్క దిగడం లేదు. మిరపతోటలు కాపు మీదున్నయ్యి, ఆకు ముడుచుకుపోతోంది. నిన్న రాత్రి తూము దగ్గర కర్రలు లేచినయ్యి. ఇవ్వాళ తలకాయలు లేచేట్టున్నయ్యి."

"నీటి సంఘం వుందిగా? పంచాయతీ వుందిగా? పోలీసులున్నారుగా?"

"అన్నీ వున్నయ్యి. నువ్వు రా. తాతయ్య మనవడివి. నువ్వు కూచుంటే రెండు పక్షాలూ వచ్చి కూచుంటయ్యి."

లోకంలో ఇదొక వింత. డాక్టరు మనవడని చెప్పి ఎవరూ నా చేత ఆపరేషన్ చేయించుకోరు. పెద్దమనిషి మనవణ్ణని మాత్రం తగువు తీర్పించుకుంటారట!

మా తాతగారు చదివింది నాలుగో తరగతి. అయినా చుట్టుపట్ల నాలుగూళ్ళ తగువులు మా అరుగు మీదికే వచ్చేవి. ఆలుమగల పోట్లాట దగ్గర నుంచి అన్నదమ్ముల పంపకాల దాకా ఏది వచ్చినా ముందు ఇద్దరికీ మజ్జిగ ఇప్పించేవారు. "పోరు నష్టం, పొందు లాభం" అనేది ఆయనకు తారకమంత్రం. కోర్టుకెళతామని ఎవరైనా లేస్తే, "వెళ్ళండిరా, ఓడినవాడు కోర్టులో ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడు" అనేవారు. లేచినవాడు మళ్ళీ కూచునేవాడు.

ఆ వుదయం నేను కాలేజీకి సెలవు పెట్టడానికి స్టాఫ్ రూముకి వెళ్ళి, ఈ కథ మా రాజనీతిశాస్త్రం మేష్టారితో చెప్పాను. నవ్వుతారనుకున్నాను. ఆయన నవ్వలేదు. "మీ తాతగారి గురించి అమెరికాలో పుస్తకం అచ్చయింది తెలుసా?" అన్నారు.

వేళాకోళమనుకున్నాను. కాదు. మా తాతగారి పేరు అందులో లేదుగాని, మా తాతగారి వంటివాళ్ళ సంగతే వుంది.

*

ఆ పుస్తకం రాసినాయన పేరు మైరన్ వీనర్. 1931లో పుట్టి 1999లో పోయారు. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో రాజనీతిశాస్త్రం చెప్పిన ఆచార్యుడు. మన దేశ రాజకీయాల మీద జీవితమంతా పని చేసినవాడు. 1960ల మొదటి సంవత్సరాల్లో ఆయనకు ఒక సందేహం వచ్చింది. స్వాతంత్ర్యం తెచ్చుకున్న కొత్త దేశాల్లో ఎక్కడ చూసినా పార్టీలు కూలిపోతున్నాయి, సైన్యాలు గద్దె ఎక్కుతున్నాయి. ఇన్ని కులాలు, ఇన్ని భాషలు, ఇన్ని తగువులు వున్న ఇండియాలో మాత్రం కాంగ్రెసు ఎలా నిలబడింది? ఈ ప్రశ్నకు జవాబు ఢిల్లీలో దొరకదని, జిల్లాల్లో వెతకాలని బయల్దేరి, ఐదు చోట్లు ఎంచుకున్నాడు. గుజరాతులో ఖేడా, మైసూరు రాష్ట్రంలో బెల్గాం, తమిళనాట మదురై, బెంగాలులో కలకత్తా మహానగరం. ఐదోది మన గుంటూరు.

ఆనాటి గుంటూరు జిల్లా అంటే ఈనాటిది కాదు సుమండీ. ఒంగోలు కూడా అందులోదే. 1970లో ఒంగోలు జిల్లా వేరుపడి, 1972లో ప్రకాశం పంతులుగారి పేరు పెట్టుకుంది. 2022లో పల్నాడు, బాపట్ల విడివిడి జిల్లాలయినాయి. అంటే వీనరు గుంటూరు అన్నప్పుడు ఈ నల్లరేగడి మైదానమంతా, పొగాకూ పత్తీ మిరపా పండే నేల అంతా అందులో చాలా వరకు వచ్చేసినట్టే.

ఆయన ఎందుకు మన జిల్లాను ఎంచుకున్నాడో వూహించడం కష్టం కాదు. ఇక్కడ తగువులకు కరువు లేదు. ఎన్.జి. రంగాగారి రైతు వుద్యమం ఈ జిల్లాదే. కమ్యూనిస్టుల బలమైన కోటల్లో ఇదొకటి. 1955 ఎన్నికల్లో ఆంధ్ర రాష్ట్రమంతా అట్టుడికిపోయింది. మొత్తం 196 స్థానాల్లో కమ్యూనిస్టులకు వచ్చినవి 15. కాని ఓట్లు చూస్తే నూటికి ముప్ఫైకి పైనే. ఇంత గట్టి పోటీలో గెలిచిన కాంగ్రెసు లోపల మళ్ళీ ముఠాలు, ముఠాల వెనక కులాలు. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చినాక, ఆ కుర్చీల కోసం కొత్త పోటీలు. ఇంత వున్నా ఇదే జిల్లా నాయకుడు కాసు బ్రహ్మానంద రెడ్డిగారు 1964లో ముఖ్యమంత్రి కాగలిగారు.

1967లో అచ్చయిన ఆ పుస్తకం పేరు 'పార్టీ బిల్డింగ్ ఇన్ ఎ న్యూ నేషన్'. కొత్త దేశంలో పార్టీ నిర్మాణం అని చెప్పుకోవచ్చు. అందులో ఆయన తేల్చిన విషయం పైకి చాలా మామూలుగా వుంటుంది. ఈ పార్టీ వూళ్ళను మార్చేసి నిలబడలేదు, వూళ్ళకు తగ్గట్టు తాను మారి నిలబడింది అంటాడు. వూరి నాయకుడు సిద్ధాంతాలు బోధించడు. కలెక్టరు కచేరీలో కాగితం కదలకపోతే వెళ్ళి కదిలిస్తాడు. మంచానపడ్డవాణ్ణి ఆసుపత్రిలో చేర్పిస్తాడు. ఇద్దరు కొట్టుకుంటే మధ్యన కూచుని రాజీ చేస్తాడు. ఇవన్నీ కొత్త పనులు కావు, వూరి పెద్దమనిషి తరతరాలుగా చేస్తున్నవే. పాత పెద్దరికం ఖద్దరు తొడుక్కుని పార్టీ ఆఫీసులోకి నడిచి వచ్చింది.

చదువుతుంటే మా తాతగారు కళ్ళకు కట్టారు. ఆ మజ్జిగ గ్లాసులు కూడా కనిపించాయి.

ఇంకొక చిత్రం చూడండి. ఆ పుస్తకం వచ్చిన 1967లోనే, ఆగస్టు 4న, నాగార్జునసాగరు కాలవలకు ఇందిరా గాంధీ నీళ్ళు వదిలారు. మెట్ట నేలకు నీళ్ళు వచ్చాయి. నీళ్ళతోపాటు, ఆ పుస్తకం చూడని కొత్త తగువు కూడా వచ్చింది. కాలవ మొదట వున్నవాడికీ చివర వున్నవాడికీ తగువు.

*

తగువు మధ్యకు వెళ్ళడం అంత సులువు కాదని మాకు, అంటే తెలుగు మేష్టర్లకు, ఎవరూ చెప్పనక్కరలేదు. పల్నాటి వీరచరిత్ర ఏటేటా చెబుతూనే వుంటాం. పన్నెండో శతాబ్దంలో గురజాలా మాచెర్లా పంతం పట్టాయి. కోడిపందెంలో ఓడిన మాచెర్లవారు ఏడేళ్ళు వూళ్ళు విడిచిపోయారు. గడువు తీరి మా భాగం మాకిమ్మని అలరాజును రాయబారం పంపారు. ఆయన గురజాల రాజుకు స్వయానా అల్లుడు. అల్లుడయితే ఏం, విషప్రయోగానికి బలయిపోయాడని కథ. రాయబారి పోయినాక ఇక కారెంపూడి యుద్ధమే మిగిలింది. నాగులేరు ఒడ్డున ఆ వీరులకు ఇప్పటికీ ఏటా కార్తీకంలో వుత్సవం చేస్తారు.

క్లాసులో పిల్లలు ఎప్పుడూ కత్తుల సంగతే అడుగుతారు. నేను మాత్రం రెండు సంగతులు ఆగి చెబుతాను. ఒకటి అలరాజు చావు. మధ్యవర్తి ప్రాణానికి పూచీ లేనిచోట మాటకు చోటు లేదు. రెండోది బ్రహ్మనాయుడి చాపకూడు. అన్ని కులాలవాళ్ళనూ ఒకే చాప మీద కూచోబెట్టి అన్నం పెట్టించాడు. మాల కన్నమదాసును కొడుకుగా చూసుకున్నాడు. ఇంత పాత కథలో, ఇంత కోడిపందేల వూళ్ళో, చాప మీద ఎవరు కూచోవాలన్న ప్రశ్న అప్పుడే వచ్చింది.

ఈ రెండో సంగతి చెప్పేటప్పుడు నాకు ప్రతిసారీ మా అరుగు గుర్తొస్తుంది. ఇదివరకెక్కడా రాయలేదు. ఇప్పుడు రాయకపోతే ఈ వారం వ్యాసానికి అర్థం లేదు.

నాకప్పుడు ఏడేళ్ళో ఎనిమిదేళ్ళో. ఇద్దరు ఆసాములకు గట్టు తగువు. నువ్వు జరిపావంటే నువ్వు జరిపావని. మా తాతగారు రెండు పొలాలూ తిరిగి చూసి వచ్చి, గట్టు ఎక్కడుండాలో చెప్పారు. ఇద్దరూ సరేనన్నారు. ఇద్దరి మొహాల్లోనూ సంతోషమే. మజ్జిగ వచ్చింది.

అరుగు కింద, ఎండలో, తువ్వాలు చంకలో పెట్టుకుని ఒకాయన నిలబడి వున్నాడు. ఆ పొలాల పక్కన పల్లెలో వుండేవాడు. ఆ చేను చాలా ఏళ్ళుగా కోరుకు చేసేవాడు. పల్లెలోంచి చేలల్లోకి కాలిబాట ఆ పాత గట్టు మీదుగానే. గట్టు జరిగితే బాట పోతుంది. ఆ మాట చెబుదామని ఆయన నోరు తెరిచాడు. "పెద్దోళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో నువ్వేందిరా" అని పక్కనుంచి ఎవరో అన్నారు. ఆయన నోరు మూసుకున్నాడు.

మా తాతగారు చూశారు, విన్నారు. ఏమీ అనలేదు.

ఆ తరవాత ఆ పల్లెవాళ్ళు చేలల్లోకి వెళ్ళాలంటే చెరువు కట్ట చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళు. నేను ఇంటర్మీడియెట్ చదివే రోజుల్లో కూడా ఆయన నెత్తిన గడ్డిమోపుతో అలా చుట్టూ తిరిగి వస్తుంటే చూశాను. మా తాతగారు తీర్చిన తగువుల్లో ఇది చాలా బాగా తీరిన తగువని మా ఇంట్లో చెప్పుకునేవారు. నిజమే. కూచున్న ఇద్దరికీ తీరింది.

*

పాత పెద్దరికం కొత్త పార్టీలోకి నడిచి వచ్చిందని వీనరు అన్నాడు కదా. నడిచి వచ్చేటప్పుడు అరుగును కూడా వెంట తెచ్చుకుంది. ఎవరు పైన, ఎవరు కింద అన్న లెక్క మారలేదు. నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు, ఈ నేల మీద నెత్తుటితో తేలిన విషయం.

1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. మొదలయింది చెరువు దగ్గర, తాగే నీళ్ళ మీద మాటామాటా వచ్చి. నీళ్ళు మురికి చెయ్యవద్దని అడగడమే తప్పయిపోయింది. బతికినవాళ్ళు చీరాలకు వచ్చి తలదాచుకున్నారు. ఆ ఏడే దళిత మహాసభ పుట్టింది. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. చట్టం వచ్చిన రెండేళ్ళకు, 1991 ఆగస్టు 6న, గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మందిని చంపారు. అక్కడ మొదలు సినిమా హాల్లో కాలు తగలడం. చుండూరు కేసు విచారణకు ఆ వూళ్ళోనే ప్రత్యేక న్యాయస్థానం పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష పడ్డాయి. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది.

రెండూ మొదట్లో చిన్న తగువులే. ఒకటి బిందెడు నీళ్ళది, ఒకటి కాలు తగిలినది. ఇద్దరు ఆసాముల మధ్య వచ్చి వుంటే ఏదో ఒక అరుగు మీద మజ్జిగతో తీరిపోయేవి. కాని కిందివాడు ఎదురు చెప్పడం అన్న తగువును తీర్చే విద్య ఆ అరుగులకు రాదు. దాన్ని తగువుగా అవి ఒప్పుకోవు, తలపొగరు అంటాయి. అక్కడే పెద్దరికం చేతులెత్తేస్తుంది. చేతులెత్తేస్తే కొంత నయమే, కొన్నిచోట్ల గొడ్డలి పట్టుకుంటుంది.

వీనరు ఇది గ్రహించలేదా అని మా రాజనీతి మేష్టారిని అడిగాను. "ఆయన తరవాత రాసిన ఇంకో పుస్తకం చదవండి" అన్నారు. అది 1991లో వచ్చింది, చుండూరు జరిగిన సంవత్సరమే. భారతదేశంలో బాలలు, ప్రభుత్వం అన్నది దాని విషయం. ఇన్ని కోట్ల మంది పిల్లలు బడికి వెళ్ళకుండా పనికి వెళుతుంటే ఈ ప్రభుత్వం ఎందుకు వూరుకుంటోంది అని అడిగాడు. బీదరికం అని అందరమూ అంటాం. ఆయన ఒప్పుకోలేదు. చాలా దేశాలు బీదగా వున్నప్పుడే పిల్లల్ని బడికి పంపడం నిర్బంధం చేశాయి అన్నాడు. మన దగ్గర చదువుకున్నవాళ్ళకే, ఆఫీసర్లకే, మేష్టర్లకే, కూలివాళ్ళ పిల్లలు చదివి తీరాలన్న నమ్మకం లేదు, అదీ అసలు జబ్బు అని తేల్చాడు. చదువుతుంటే మేష్టర్లన్న మాట దగ్గర నాకు గొంతు పట్టుకున్నట్టయింది.

రెండు పుస్తకాలకూ మధ్య ఇరవైనాలుగేళ్ళు. ఆ రెంటికీ వున్న చుట్టరికం గురించి ఆయన ఏమనుకున్నాడో గాని, నాకు తోచింది ఇది. మొదటి పుస్తకంలో మాట చెల్లేవాళ్ళున్నారు. తగువు పెట్టుకోగలిగినవాడి దగ్గరికి మధ్యవర్తి వస్తాడు. ఓటు వున్నవాడి కాగితం కచేరీలో కదులుతుంది. పదేళ్ళ పిల్లకు ఓటు లేదు, ఆమె ఎవరి మీదికీ కర్ర ఎత్తదు. అందుకని ఆమె కోసం ఎవరూ రారు. తగువు లేనిచోట శాంతి వుందని మనం అనుకుంటాం. నోరు లేక కూడా తగువు లేకపోవచ్చు.

ఆ పిల్లల కోసం మన రాష్ట్రంలో లేచిన మనిషి కూడా రాజనీతిశాస్త్రం ఆచార్యురాలే. శాంతా సిన్హాగారు హైదరాబాదు విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పినవారు. రాజనీతిశాస్త్రంలోనూ చరిత్రలోనూ పెద్ద పండితులైన మామిడిపూడి వెంకటరంగయ్యగారి మనవరాలు. తాతగారి పేరు మీద నడిచే ఎం.వి. ఫౌండేషన్ ద్వారా 1991 నుంచి రంగారెడ్డి జిల్లా వూళ్ళల్లో తిరిగి, తల్లిదండ్రులనూ ఆసాములనూ ఒప్పించి, పిల్లల్ని పనుల్లోంచి బడుల్లోకి నడిపించారు. అదీ తగువు తీర్చడమే. కాకపోతే ముందు అక్కడొక తగువు వుందని నలుగురికీ తెలియజెప్పి, తరవాత తీర్చారు. 2003లో ఆమెకు మెగసెసే పురస్కారం వచ్చింది. బడి హక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలయింది. తాతల పేరు నిలబెట్టడం అంటే ఏమిటో చూశారు కదా. ఇక నా సంగతికి వస్తాను.

*

వూళ్ళో దిగేసరికి పంచాయతీ ఆఫీసు వరండాలో పాతిక మంది కూచుని వున్నారు. నాకొక ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఎడంవైపు పై చేలవాళ్ళు, కుడివైపు కింది చేలవాళ్ళు. మధ్యలో మజ్జిగకు బదులు చల్లటి కూల్‌డ్రింకులు. కాలం మారింది.

వాదన మీకు చెప్పనక్కరలేదు, మీ వూళ్ళోనూ ఇదే. పైవాళ్ళు అంటారు: "కళ్ళ ముందు నీళ్ళు పోతుంటే పంట ఎండబెట్టుకోమంటారా? నీళ్ళు ఎన్నాళ్ళు వదులుతారో ఎవరికి తెలుసు?" కిందివాళ్ళు అంటారు: "కాలవ తవ్వింది మీ ఒక్కరికేనా?" నవ్వు రాలేదు నాకు. 2023 నవంబరు 30న సాగరు డాము మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడి, మన కుడి కాలవ తూములు తెరిచే విషయంలో ఈ మాటలే కదా అనుకున్నది! అక్కడికి కేంద్ర బలగాలు వచ్చి నిలబడ్డాయి. ఇక్కడికి నేను వచ్చాను.

నీటి సంఘం ఏమయిందని అడిగాను. 1997లో చట్టం చేసి రాష్ట్రంలో పది వేలకు పైగా సంఘాలకు ఎన్నికలు పెట్టారు. మా వూళ్ళోనూ వుంది. సంఘం అధ్యక్షుడు ఎడంవైపున కూచుని వున్నాడు. ఒక మోటారు ఆయనదే.

వారబందీ వేసుకుందామన్నాను. మూడు రోజులు పైవాళ్ళకు, నాలుగు రోజులు కిందివాళ్ళకు. పైవాళ్ళ వంతు అయిపోగానే మోటార్లు తీసెయ్యాలి. గంటన్నర బేరం జరిగాక మూడున్నర, మూడున్నర దగ్గర తెగింది. తూము కాయడానికి ఇటునుంచి ఒకడు, అటునుంచి ఒకడు. పై చేలకు పగలు, కింది చేలకు నీళ్ళు చేరేసరికి ఎలాగూ రాత్రవుతుంది కనక కింది చివర రాత్రి పారకం. కాగితం రాశాను. అందరూ సంతకాలకు లేచారు. మా అన్నయ్య నా భుజం తట్టి, "తాతయ్యే వచ్చి కూచున్నట్టుందిరా" అన్నాడు.

ఆ మాట అనకుండా వుంటే నేను సంతకాలు పెట్టించి గుంటూరు బస్సు ఎక్కేసేవాణ్ణి.

వరండా కిందికి చూశాను. వేపచెట్టు దగ్గర పది పన్నెండు మంది నిలబడి వున్నారు. "వాళ్ళెవరు?" అన్నాను.

"కౌలోళ్ళులే. వాళ్ళదేముంది" అన్నారు.

కుడివైపు కూచున్న కింది చేల ఆసాములను లెక్కపెట్టాను. సగం మందికి పైగా పొలం కౌలుకిచ్చి, తాము గుంటూరులోనో హైదరాబాదులోనో వుంటున్నారు. నీళ్ళు రాకపోయినా వాళ్ళ కౌలు డబ్బులు వాళ్ళకు వస్తాయి. ఎండేది వేపచెట్టు దగ్గరున్నవాళ్ళ తోట. నోటిమాట కౌలు కనక వాళ్ళకు కాగితం లేదు. కాగితం లేదు కనక సంఘంలో లేరు. సంఘంలో లేరు కనక వరండాలో లేరు.

ఆర్థికశాస్త్రంలో 2009లో నోబెల్ బహుమానం అందుకున్న ఎలినార్ ఆస్ట్రంగారు కూడా చదువుకు రాజనీతిశాస్త్రజ్ఞురాలే. నీళ్ళు, అడవులు, చేపలు, ఇలా నలుగురూ వాడుకునే వాటిని జనం తమంతట తాము ఎలా పంచుకుంటారో జీవితమంతా చూసింది. ఆమె వుదహరించిన వాటిలో మన కర్నూలు జిల్లా వూళ్ళు కూడా వున్నాయి. తుంగభద్ర కాలవ కింద రాబర్ట్ వేడ్ అనే ఆయన పరిశోధించి 1988లో పుస్తకం వేశాడు. నీటికి ఎద్దడి ఎక్కువగా వుండే దిగువ వూళ్ళే, వూరుమ్మడి డబ్బుతో నీళ్ళు పారించే మనుషులనూ పొలం కాపలాదార్లనూ పెట్టుకున్నాయని చూపించాడు. ఆస్ట్రంగారు తేల్చిన నియమాల్లో ఒకటి చాలా చిన్నది. కట్టుబాటు ఎవరి మీద పడుతుందో, ఆ కట్టుబాటు చెయ్యడంలో వాళ్ళకూ మాట వుండాలి. నోబెల్ బహుమానం రావలసినంత మాటా ఇది అనిపిస్తుంది. నిజానికి మా అరుగుకి తెలియని మాట.

"వాళ్ళను పైకి రమ్మనండి" అన్నాను. కాసేపు ఎవరూ కదలలేదు. తరవాత ఒకరిద్దరు జరిగారు. వాళ్ళు వచ్చి మెట్ల మీద కూచున్నారు. కుర్చీల్లో కూచోమంటే కూచోలేదు. నేను కుర్చీ దిగి మెట్టు మీద కూచున్నాను. ఏదో గొప్పకు చెప్పడం లేదు. అలా కూచోవడానికి నాకు చెప్పలేనంత సిగ్గేసింది, ఆ సంగతీ రాయాలి కదా.

చదివి వినిపించాను. మగవాళ్ళు బాగానే వుందన్నారు. చివర్న ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "రాత్రి పారకం అంటే ఎట్టాగయ్యా?" అంది. ఆవిడది కాలవకు ఆఖరి బోదె కింద మూడెకరాల మిరపతోట, కౌలుకి. భర్త పోయాడు. "రాత్రి నేనొక్కదాన్నే చేలో వుండలేను. పిల్లని తీసకపోవాల. సంక్రాంతి ముందు నుంచీ అదే పని. తెల్లార్లూ నీళ్ళకి మేలుకుంటే అది కాలేజీకి ఏం పోద్ది మేష్టారూ?"

ఏ కాలేజీ అని అడిగాను. మా కాలేజీయే. ఇంటరు మొదటి సంవత్సరం. నా క్లాసే. హాజరు పట్టీలో నేను వరసగా సున్నాలు చుట్టుకుంటూ వస్తున్న పేరు. "పండగ అయిపోయినా ఇళ్ళు వదల్లేరు వీళ్ళు" అని రెండు రోజుల కిందటే క్లాసులో ఒక చమత్కారం కూడా విసిరాను. పిల్లలందరూ నవ్వారు.

కాగితం చింపేసి మళ్ళీ రాశాం. చివరి నాలుగు బోదెలకు వంతు పగలే రావాలంటే పై వంతు అర్ధరాత్రికే ఆపాలి. అది అంత తేలిగ్గా తెగలేదు. పైవాళ్ళలో ఒకాయన, "ఒక్క ఆడదాని కోసం వూరంతా నిద్ర మానుకోవాలా?" అని లేచి వెళ్ళిపోయాడు. వేపచెట్టు దగ్గర నుంచి వచ్చినవాళ్ళలో ఒక కుర్రాడు, "రాత్రి కాపలా మేం కాస్తాం, మీరు నిద్రపోండి బాబాయ్" అన్నాడు. అలా సర్దుబాటయింది. చీకటి పడ్డాక సంతకాలయినాయి. కౌలువాళ్ళూ సంతకాలు పెట్టారు. మా వూళ్ళో నీళ్ళ కాగితం మీద వాళ్ళ చేతి రాత పడడం అదే మొదలు.

ఇది కథ అయితే ఇక్కడ ఆపేయవచ్చు. కాదు కనక మిగతాది కూడా చెప్పాలి. మూడు మోటార్లలో రెండు తీశారు. సంఘం అధ్యక్షుడి మోటారు ఇంకా అక్కడే వుంది. వంతులు ఇప్పటికి నాలుగు తిరిగాయి, ఒకసారి తప్పింది. లేచి వెళ్ళిపోయినాయన మా అన్నయ్యతో మాట్లాడడం లేదు. వచ్చే ఏడు ఆవిడకు ఆ పొలం కౌలుకివ్వబోమని ఆసామి అన్నట్టు వినికిడి. అది నిజమైతే నేను మళ్ళీ ఆ వూరు వెళ్ళాలి. అప్పుడు నాకు కుర్చీ వేస్తారో లేదో తెలియదు.

ఆ అమ్మాయి పదకొండు రోజులు వరసగా క్లాసుకు వచ్చింది. పన్నెండో రోజు నుంచి మళ్ళీ లేదు. మిరపకాయ కోతలు మొదలయినాయి, కూలి మనుషులు దొరకడం లేదు. చట్టం పద్నాలుగేళ్ళ దాకా బడి అంటుంది. ఈ పిల్లకు పదహారు.

నిన్న సాయంత్రం కాలేజీ వదిలాక వాళ్ళ కల్లానికి వెళ్ళాను. ఎర్రగా ఆరబోసిన కాయల మధ్య తాలుకాయ ఏరుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది. "కూచోమ్మా" అని నేనూ పట్టా మీద కూచున్నాను. ఘాటుకు ఇద్దరికీ తుమ్ములు. వెనకపడ్డ పాఠాలు ఏవేవో అడిగింది. పల్నాటి వీరచరిత్ర అని చెప్పాను. "అందులో మాకొచ్చే పరీక్షకి ఏది ముఖ్యం సార్?" అంది.

చాపకూడు, అలరాజు రాయబారం, రెండూ చదువుకోమన్నాను.